ఐదో నంబరు తెలుపు

“సీలు మీద చెయ్యి పడిందా, ఆ చేతిని స్టేషన్‌కి పట్టుకుపోతాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను చెయ్యి వెయ్యలేదు. సంచీలోంచి కోర్టు కాగితం తీసి అతని ముక్కు కింద పెట్టాను. ముద్దాయి తరఫు మనిషి ల్యాబు చూసుకోవడానికి గంట సేపు అనుమతి. కింద ముద్ర, ముద్ర పక్కన సంతకం. రెండుసార్లు చదివాడు. మూడోసారి కూడా చదివేవాడేగానీ అప్పటికే ఒంటిగంటా పది అయింది. కాగితాల మీద అరెస్టు నిన్ననే చూపించాడు కాబట్టి నాలుగింటికి అతను ముద్దాయిని కోర్టులో హాజరుపరచాలి.

“టికెట్లు చింపుకునే మనుషులు కూడా హత్య కేసులు చూసేస్తున్నారు,” అంటూ సీలు తనే పీకాడు.

ఈ డిటెక్టివ్ పనిలోకి రాకముందు నేను బస్సుల్లో ఇరవై రెండేళ్ళు టికెట్ చెకింగ్ చేశాను. చింపేవాడు కండక్టరు, అబద్ధాన్ని పట్టుకునేది చెకింగు. ఈ తేడా ఇతనికి నాలుగు కేసుల నుంచీ చెబుతున్నాను, బుర్రకెక్కదు. అందరూ నన్ను చెకింగమ్మ అని పిలుస్తారు. ఇతను మాత్రం “ఏమండోయ్” అంటాడు. అందులో ఉన్న ఎకసెక్కెం నాకు తెలియక కాదు, అతనితో పని ఉండి ఊరుకుంటాను.

మంగళవారం సాయంత్రం ఈ ల్యాబులోనే పెద్ద డాక్టర్‌ని ఎవరో తల పగలగొట్టి చంపారు. ఇవాళ శుక్రవారం. భవనమంతా పెద్ద డాక్టర్‌దే. మొదటి అంతస్తులో ఆయన పళ్ళ ఆసుపత్రి, దాని పైన ఈ ల్యాబు. కింద డాక్టర్లు పళ్ళు అరగదీస్తారు, పైన మేస్త్రి వాటికి పింగాణి తొడుగులు చేస్తాడు. వెనీర్లంటారు వాటిని. పంటికి ముందు వైపున అతికించే రేకులు, గోరంత మందం కూడా ఉండవు. ముప్పై ఏళ్ళుగా ఆ పనిలో మేస్త్రిని మించిన చెయ్యి లేదని పేరు. ఆ మేస్త్రే ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు. మూడు రోజులుగా నోరు విప్పలేదు.

కేసు నాకు అప్పగించింది ఆయన కూతురు. తండ్రి దగ్గరే పని నేర్చుకుని, తండ్రి పక్క స్టూలు మీదే పదేళ్ళుగా కూర్చుంటున్న మనిషి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. “మా నాన్నని కోర్టు మెట్లు ఎక్కనివ్వకండి. నాకంతే చాలు,” అంది మొదటి రోజే. సరేనన్నాను. ఒకసారి సరేనన్నాక వెనక్కి తగ్గను, అదే నా జబ్బు.

గదిలో పొడుగాటి బల్ల, దాని ముందు రెండు స్టూళ్ళు, అలమరలో వరసగా ప్లాస్టర్ దవడలు. నేల మీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం. బల్ల మీద దుమ్ములో నాలుగు చుక్కలు, ఏదో బరువైన వస్తువు కాళ్ళ గుర్తులు.

“ఇక్కడే ఉండేది ఇత్తడి దవడ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. పైపళ్ళ అచ్చునీ, కిందిపళ్ళ అచ్చునీ బిగించి కొరుకుడు సరిపోయిందో లేదో చూసుకునే పనిముట్టు అది. రెండు కిలోలుంటుంది. “దాంతోనే కొట్టాడు. చెప్పింది చెవికెక్కించుకోండి. నాలుగూ ఇరవైకి నర్సు టీ తెచ్చి ఇచ్చింది, పెద్దాయన నిక్షేపంలా ఉన్నాడు. ఐదూ ఐదుకి మేస్త్రి పెట్టిన కేకకి పరిగెత్తుకొచ్చింది, శవం ఉంది, పక్కన మేస్త్రి ఉన్నాడు. పొద్దున వాళ్ళిద్దరికీ గొడవైంది. దవడ మీద మేస్త్రి వేలిముద్రలున్నాయి. ఇంకా ఏం కావాలి మీకు?”

“ఇంకెవరి వేళ్ళున్నాయి?”

“ఎవరివీ లేవు. అతనివి మాత్రమే.”

“రోజూ నలుగురు ముట్టుకునే వస్తువు మీద ఒక్కడి వేళ్ళేనా? అంటే ముందు ఎవరో తుడిచారు.”

“అతనే తుడిచాడు.”

“తుడిచి, మళ్ళీ పట్టుకుని తన వేళ్ళు వేశాడా? కన్నం వేసినవాడు గోడ మీద తన పేరు రాసిపోయినట్టుంది. పొద్దున లాకప్‌లో ఆయన్ని కూడా ఇదే అడిగాను, మిగతా వేళ్ళు ఏమయ్యాయండీ అని.”

“ఏమన్నాడు?”

“గోడవైపు తిరిగి కూర్చున్నాడు.”

“చూశారా!” అని ఇన్‌స్పెక్టర్ సంబరపడ్డాడు. తప్పు చేసినవాడే గోడ వైపు తిరుగుతాడని అతని లెక్క. టికెట్ కొన్నవాళ్ళు కూడా నన్ను చూసి కిటికీ వైపు తిరగడం నేను వేలసార్లు చూశాను.

వెనకవైపు ఇనుప మెట్ల సంగతి అడిగాను. కింద గేటుకి తాళం ఉంటుందనీ, తాళంచెవులు తండ్రీకూతుళ్ళ దగ్గరే ఉంటాయనీ, కూతురు నాలుగింటికే పింగాణి పొడి కొనడానికి షాపుకి వెళ్ళి ఐదున్నరకి వచ్చిందనీ చెప్పాడు. ఇక మిగిలింది అల్లుడు. పెద్ద డాక్టర్ కూతుర్ని చేసుకున్న చిన్న డాక్టరు. మామా అల్లుళ్ళకి ఉప్పూ నిప్పూ అని నర్సు నాతో ముందే అంది.

“చిన్న డాక్టర్ నాలుగు నుంచి ఐదూ ఐదు దాకా కింద పేషంట్ పక్కనే ఉన్నాడు. ఆవిడ సంగీతం టీచరు. క్షణం కూడా కదల్లేదని రాసిచ్చింది. మీ పప్పులు అక్కడ ఉడకవుగానీ, త్వరగా తెమల్చండి,” అని అతను ఫోన్ చూసుకుంటూ వరండాలోకి వెళ్ళాడు.

మేస్త్రి కూతురు పక్క గదిలోంచి వచ్చింది. అది పింగాణి కాల్చే కొలిమి గది, దానికి సీలు వెయ్యలేదు. చేతిలో చిన్న పెట్టె. మూత తీస్తే నల్లగుడ్డ మీద ఎనిమిది వెనీర్లు. సంగీతం టీచరువే. తండ్రి లాకప్‌లో ఉంటే కూతురు పళ్ళు చేసుకుంటోందని ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఒకసారి ఎత్తిపొడిచాడు. “ఆవిడ పళ్ళు అరగదీసి వదిలేశారు. ఎన్నాళ్ళని ఉత్త ప్లాస్టిక్ తొడుగులతో తిరుగుతుంది?” అని ఆమె ఒక్క మాటతో నోరు మూయించింది.

నేను భూతద్దంలోంచి చూశాను. ఏ రెండూ ఒకలా లేవు. ఒకదాని అంచు కొంచెం అరిగినట్టుంది, ఒకటి పక్కదాని మీదికి పిసరంత ఒరిగింది, ఒకదాని మీద వెంట్రుక కంటే సన్నగా ఒక గీత.

“లోపాలు కావాలని పెడతారా?”

“ఎనిమిదీ ఒకేలా ఉంటే పళ్ళు కాదండీ, స్నానాలగది పలకలు. నవ్వితే నవ్వు కనపడాలి, పింగాణి కనపడకూడదు.” అక్కడ ఆగి పెదవి కొరుక్కుంది. “అన్నీ కుదిరాయి. రంగే తప్పు.”

“ఏం తప్పు?”

చెప్పడానికి వెనకాడింది. నేను ఊరుకుంటానా? అడగ్గా అడగ్గా, జేబులోంచి ఒక చీటీ తీసింది. కింద డాక్టర్ రాసి పైకి పంపే చీటీ. మంగళవారం, నాలుగూ ఐదు నిమిషాలు, రంగు ఐదో నంబరు, చిన్న డాక్టర్ సంతకం. పళ్ళ రంగు చూడటానికి వాళ్ళ దగ్గర పదహారు నమూనా పళ్ళుంటాయి. ఒకటో నంబరు అన్నిటికంటే తెలుపు, నంబరు పెరిగేకొద్దీ ముదురు.

“ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు కిటికీ దగ్గర నేను చూశానండీ. తొమ్మిది. చీటీలో ఐదు రాశారు. మామూలుగా అయితే నాన్న కిందికి వెళ్ళి తన కళ్ళతో చూస్తేగాని పొడి కలపరు. ఈసారి ఆయన లేరు. చీటీలో ఉన్నట్టే చేశాను.”

“చిన్న డాక్టర్‌కి కళ్ళు మందమా?”

“పదేళ్ళుగా రంగు చూస్తున్నారు. ఒక నంబరు అటూ ఇటూ అవ్వచ్చు. నాలుగు నంబర్లు తప్పరు.” పెట్టె మూత వేస్తూ, “పన్ను ఆరిపోతే తప్ప,” అంది.

అదేమిటని అడిగాను. నోరు తడిగా ఉన్నంత సేపే పంటికి దాని అసలు రంగు ఉంటుందట. నోరు తెరిచి పెట్టేసి, ఆ ఉమ్మి లాగే గొట్టం కూడా పెట్టి ఓ ఇరవై నిమిషాలు వదిలేస్తే పన్ను ఆరి తెల్లబడుతుంది. మళ్ళీ తన రంగుకి రావడానికి గంటలు పడుతుంది. అందుకే మనిషి వచ్చి కూర్చోగానే, మత్తు ఇవ్వకముందే, పగటి వెలుతురులో రంగు చూసి చీటీ రాసుకుంటారు. ఆ పని చేసేవాడు నిద్రలో కూడా తప్పని వరస అది.

“నాలుగూ ఐదుకే చూసుంటే తొమ్మిదే కనపడాలి,” అన్నాను.

ఆమె చీటీ మడత పెట్టి నా చేతిలో పెట్టింది. రాయిలోంచి నీళ్ళు పిండానని నేను లోలోపల మురిసిపోయాను.

కిందికి దిగేసరికి రెండు. చిన్న డాక్టర్ చేతులు కడుక్కుంటున్నాడు. నలభైలోపు వయసు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, కళ్ళ కింద మూడు రోజుల నిద్ర బాకీ.

“రెండుంబావుకి పేషంట్ వస్తోంది. మీకు ఐదు నిమిషాలు,” అన్నాడు.

“వెనీర్లు అతికిస్తారా?”

“అవును. కింది పళ్ళు కొంచెం తెలుపు చేస్తాను. ఊరికే చేస్తున్నాను, పాపం మూడు రోజులుగా ఇబ్బంది పడింది.”

పళ్ళ డాక్టరు ఊరికే ఏదైనా చేస్తానంటే నాకు చెమటలు పడతాయి. “కింది పళ్ళు ఎందుకు?” అన్నాను.

“పైవాటితో కలవడానికి.”

“తెలుపు చేసేది ముందు కదండీ,” అంది నర్సు, పనిముట్లు సర్దుతూ. పాతికేళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్న మనిషి, మనసులో మాట దాచుకోవడం తెలీదు. “ముందు తెలుపు చేసి, దానికి కలిసేలా పింగాణి చేస్తాం. పింగాణి వచ్చాక తెలుపు చెయ్యడం ఎప్పుడూ...”

“నిన్ను అడిగారా?” అని డాక్టర్ ఒంటికాలి మీద లేచాడు. నర్సు కుక్కిన పేనులా అయిపోయింది.

“మంగళవారం రంగు ఎన్నింటికి చూశారు?” అన్నాను.

“నాలుగూ ఐదుకి. చీటీలో ఉంది.”

“మత్తు?”

“నాలుగూ పదికి.”

“ఆ తర్వాత?”

“ఆవిడ పక్కనే ఉన్నాను. ఐదు తక్కువ ఐదుకి నర్సుని పిలిచాను, పళ్ళు అరగదీయడం మొదలుపెట్టాం. ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాను, ఆవిడా చెప్పింది. మీరెవరసలు? మీకెందుకు చెప్పాలి?”

“మీ మామగారు పోయి మూడు రోజులైంది. ఇవాళే మీకు ఈ పళ్ళు అంత అవసరమా?”

“బయటికి నడవండి.”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గెంటేవాళ్ళని చూస్తే నాకు కాళ్ళు నొప్పులొస్తాయి.

సంగీతం టీచరు చెప్పిన టైముకి నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చింది. యాభై దాటిన మనిషి. మాట్లాడేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. చిన్నప్పుడు తాగిన నీళ్ళ వల్ల ముందు పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలుండేవట, ఒకటి అంచు కూడా విరిగిందట; ఇప్పుడు వాటి మీద ప్లాస్టిక్ తొడుగులు. “నలభై ఏళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకునే పాట చెప్పాను. మా పిల్లలు నా అరచెయ్యి చూసి తాళం నేర్చుకున్నారు,” అంది విసుగ్గా. “నాకు మెరుపులు వద్దు. పళ్ళు పెట్టించుకుందని ఎవరూ అనకూడదు. నా పళ్ళే నాకు కావాలి. అది అడిగిన పాపానికి హత్య కేసులో సాక్షినయ్యాను.”

“డాక్టర్ మీ పక్కనుంచి కదల్లేదని రాసిచ్చారు. చూశారా?”

“ఎలా చూస్తాను? కళ్ళకి గుడ్డ కట్టారు, దీపం పడుతుందని. పెదాలు సాగదీసి చట్రం బిగించారు. మత్తెక్కాలి, కదలకండి అన్నారు.”

“మరి పక్కనే ఉన్నారని ఎలా తెలుసు?”

“ఆ గొట్టం చప్పుడు ఆగలేదు కదా! నోట్లో జుర్రుమంటూనే ఉంది.”

“గొట్టం ఎవరు పట్టుకున్నారు?”

టీచరు అరచెయ్యి కిందికి దిగింది. “కింది పెదవికి తగిలించి ఉంది,” అంది నెమ్మదిగా. “నాలుక పిడచకట్టుకుపోయింది. మంచినీళ్ళు అడుగుదామన్నా నోరు ఆడదు.”

“నమూనా పళ్ళు పంటికి ఆనించి చూశారా?”

“ఆ. నర్సమ్మ రావడానికి కాస్త ముందు. గాజుముక్కల్లా టిక్కుమన్నాయి.”

“అబద్ధం!” అన్నాడు డాక్టర్. “ఆవిడకి మత్తులో ఏం తెలుస్తుంది?”

“మత్తు పెదాలకి ఇచ్చారు, బుర్రకి కాదు,” అంది టీచరు. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. మేస్త్రి కూతురు అతని వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది, పెట్టె రెండు చేతులా పట్టుకుని. చీటీ సంగతి, ఆరిన పళ్ళ సంగతి అతనికి చెప్పాను. పగలబడి నవ్వాడు.

“పళ్ళేమైనా ఉతికిన బట్టలా, ఆరడానికి? దీన్ని పట్టుకెళ్ళి జడ్జిగారికి చెప్పమంటారా?”

“చెప్పొద్దు. చూపించండి. ఆ కుర్చీలో కూర్చోండి, ఇరవై నిమిషాలు.”

“నాకేం పని లేదనుకున్నారా?”

“నేను గంట కూర్చున్నాను, ఆడదాన్ని,” అంది టీచరు. “మీరు ఇరవై నిమిషాలు నోరు తెరుచుకుని కూర్చోలేరా? ఊరికే మాట్లాడటానికైతే తెరుస్తారు కదా.”

నర్సుకి నవ్వొచ్చి మొహం తిప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద కొట్టి కూర్చున్నాడు. డాక్టర్‌ని ముట్టుకోనివ్వలేదు నేను, అతని కుర్చీ సరిగ్గా ఎదురుగా వేయించాను. నర్సు ముందు కిటికీ తెర తీసి, నమూనా పళ్ళు ఒక్కొక్కటే ఆనించి చూసింది. “పన్నెండు,” అంది. ఇన్‌స్పెక్టర్‌కి నచ్చలేదు. చట్రం బిగించి, గొట్టం తగిలించి, మిషను ఆన్ చేసింది. రెండూ ఇరవై ఐదు.

నాలుగు కేసుల్లో మొదటిసారి ఇన్‌స్పెక్టర్ నా ఎదుట నోరెత్తకుండా ఉన్నాడు. ఆ సుఖం మాటల్లో చెప్పలేను. మిగిలిన తిట్లన్నీ కళ్ళతో తిట్టాడు. రెండూ నలభైకి అతని ఫోన్ మోగింది. తియ్యబోతే చట్రం జారింది, నర్సు అతని చెయ్యి మీద ఒకటి వేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది. చిన్న డాక్టర్ చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది. రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ నేను నా కాళ్ళు చాపాను.

ఇరవై నిమిషాలయ్యాక నర్సు నమూనా పళ్ళు తీసి చూసింది. పన్నెండు సరిపోలేదు. పది సరిపోలేదు. “ఎనిమిది,” అంది. తర్వాత టీచరుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కింది పళ్ళు చూసింది. తొమ్మిది.

ఇన్‌స్పెక్టర్ చట్రం తనే పీకి, అద్దంలో చూసుకుని, పెదాలు తడుపుకుని డాక్టర్ వైపు తిరిగాడు. అతనికి నేనంటే గిట్టకపోవచ్చుగానీ మూర్ఖుడు కాడు.

“గొట్టం ఆన్ చేసి ఎక్కడికి పోయావ్?”

“నేను మామయ్యని చంపలేదు,” అన్నాడు డాక్టర్.

“ఎక్కడికి పోయావని అడిగాను.”

“పైకి.” నీళ్ళు నమిలాడు. “నాలుగున్నరకి మామయ్య ఫోన్ చేసి పైకి రమ్మన్నారు. మేస్త్రి డాబా మీదికి వెళ్ళిపోయాడు, ఆయన ఒక్కరే ఉన్నారు. ఏదో కోపం మీద ఉన్నారు, అదంతా నా మీద చూపించారు. రేపట్నుంచి ఆసుపత్రి గడప తొక్కొద్దన్నారు. పదేళ్ళ చాకిరీ అండీ. ఒక్క మాట తిరిగి అనకుండా వచ్చేశాను. కిందికి రాలేకపోయాను. మెట్ల మధ్యలో కూర్చుని... ఏడ్చాను. ఓ పది నిమిషాలు. కిందికొచ్చాక చూస్తే రంగు చీటీ రాయలేదని గుర్తొచ్చింది. నర్సు వచ్చేస్తోంది. కంగారులో చూసి రాసేశాను, టైము మార్చి వేశాను.”

“మెట్ల మీద ఉన్నావనడానికి నిన్నెవరు చూశారు?” అన్నాను.

“నన్నెవరూ చూడలేదు. నేనే చూశాను.”

“ఎవర్ని?”

అతను తలెత్తి గుమ్మం వైపు చూశాడు. “తనని. వెనక ఇనుప మెట్లెక్కి ల్యాబులోకి వెళ్ళింది, నేను కూర్చున్న చోటి కిటికీలోంచి కనపడింది. నేను దిగుతుంటే పైన ఏదో బరువుగా పడ్డ చప్పుడైంది. మామయ్యకి కోపమొస్తే విసిరేస్తారు, అలాగే అనుకున్నాను.”

మేస్త్రి కూతురు పెట్టెని గుండెకి అదుముకుంది. “నేను షాపులో ఉన్నాను,” అంది.

“మూడు రోజులు ఎందుకు చెప్పలేదురా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“చెప్పాలంటే నేను మెట్ల మీద ఉన్నానని ఒప్పుకోవాలి కదండీ.”

అతని అబద్ధం ఇన్నాళ్ళూ ఇద్దర్ని కాపాడింది. నేరం అతని మీదికి పోతే తండ్రి బయటపడతాడని, దాన్ని చింపమని చీటీ నా చేతికిచ్చింది ఆమే. రాయిలోంచి నీళ్ళు నేను పిండలేదు, ఆమే నాకు చుక్క చుక్కగా పోసింది. షాపులో ఎంత సేపున్నావని నేను ఒక్కసారి కూడా అడగలేదు. కేసు ఇచ్చిన మనిషి టికెట్ చూడటం మర్యాద కాదనుకున్నాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అంత సిగ్గుమాలిన పని చెయ్యలేదు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి స్టేషన్‌కి కలిపాడు. వింటూ వింటూ అతని మొహం విప్పారింది.

“మీ చెకింగులన్నీ దండగ,” అన్నాడు ఫోన్ పెట్టేసి. “మూడు రోజులు నోరు విప్పని మేస్త్రి కాగితం అడిగి మరీ చెప్పాడట. నేనే చంపాను, నేనొక్కణ్ణే, ఇత్తడి దవడ కుడి చేత్తో ఎత్తి కొట్టాను అని. మావాడు రాశాడు, ఆయన సంతకం పెట్టాడు. వేళ్ళున్నాయి, ఒప్పుకోలు ఉంది. ఈ మెట్లూ, ఏడుపులూ నాకు అక్కర్లేదు. నాలుగింటికి కోర్టు, నాలుగున్నరకి జైలు.”

పొద్దున నేను వేసిన ప్రశ్నే ఆయన చేత ఆ సంతకం పెట్టించింది. మిగతా వేళ్ళు ఏమయ్యాయని అడిగితే, నేను ఎక్కడిదాకా వెళతానో ఆ ముసలాయనకి అర్థమైపోయింది. కూతురి వేళ్ళు తుడిచి తనవి వేసింది ఆయనే. నాకు మాత్రం ఇప్పుడు అర్థమైంది.

“పాపం సంతకం పెట్టడానికే పావుగంట పట్టిందట,” ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుంటూ నవ్వాడు. “భయానికి చేతులు అంతలా వణికాయి.”

“భయం కాదండీ,” అంది మేస్త్రి కూతురు.

అందరం అటు తిరిగాం. ఆమె పెట్టె తెచ్చి టీచరు ముందు పెట్టింది.

“రెండేళ్ళ నుంచి మా నాన్న చేతులు వణుకుతున్నాయి. కుంచె పట్టుకోలేరు. చొక్కా గుండీలు కూడా నేనే పెడతాను. ఆయన ఆ ఇత్తడి దవడ కుడి చేత్తో ఎత్తలేరు. మీ పోలీసు డాక్టర్‌ని పిలిచి చూపించండి, ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు.”

“మరి ఈ రెండేళ్ళూ వచ్చిన పళ్ళు...” అంది నర్సు.

“నేనే చేశాను. ఆయన పేరు మీదే వెళ్ళాలని నేనే అన్నాను.” ఇన్‌స్పెక్టర్ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది, చివరికొచ్చేసరికి ఎవరి వైపూ చూడటం లేదు. “మంగళవారం పెద్ద డాక్టర్ నాన్నని తన ఎదురుగా ఒక్క పన్ను చెయ్యమన్నారు. నాన్న చెయ్యలేక డాబా మీదికి వెళ్ళిపోయారు. నేను వచ్చేసరికి పెద్ద డాక్టర్ నవ్వుతూ ఉన్నారు. ముప్పై ఏళ్ళ మేస్త్రి కూతురి పని అమ్ముకున్నాడని ఊరంతా చెప్తాను, అన్నారు. కాళ్ళు పట్టుకున్నాను. మళ్ళీ నవ్వారు.”

నర్సు గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటోంది. ఇన్‌స్పెక్టర్ టోపీ మళ్ళీ తీసేశాడు.

“ఇవి పెట్టించుకోకండి టీచరుగారూ,” అంది ఆమె. “రంగు తప్పని తెలిసే చేశాను. తొమ్మిదో నంబరుకి ఎవరి చేతనైనా మళ్ళీ చేయించుకోండి.”

తర్వాత నా దగ్గరికి వచ్చింది. నాకు ఆమెని తిట్టాలో చెయ్యి పట్టుకోవాలో తెలియలేదు, పట్టుకున్నాను.

“నాన్నని వదిలేటప్పుడు మీరు దగ్గరుండండి,” అంది. “నేనే ఒప్పుకున్నానని చెప్పండి. చేతుల సంగతి మాత్రం చెప్పానని చెప్పకండి.”